ఖాళీ గడి

హరిబాబుకి ముప్పై ఆరేళ్ళు. తణుకు దగ్గర పల్లెలో, వరి పండించే ఇంట్లో పుట్టాడు. కాకినాడలో ఇంజనీరింగ్ చదివి అక్కడే ఉండిపోయాడు. బట్టల షాపు పైన రెండో అంతస్తులో ఉన్న చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పదేళ్ళుగా పనిచేస్తున్నాడు. మొక్కల నర్సరీలకీ, ఐసు ఫ్యాక్టరీలకీ, రొయ్యల వ్యాపారులకీ కావలసిన ప్రోగ్రాములు రాస్తారు అక్కడ. మొత్తం తొమ్మిది మంది. యజమాని శ్యాంబాబు తర్వాత హరిబాబే పెద్ద.

శనివారం ఆఫీసు ఒంటిపూటే. రెండయ్యేసరికి అందరూ మెట్లు దిగి సందు చివర టీ కొట్టు దగ్గర చేరేవారు. వారానికొకరు ఒక పజిల్ తేవాలి. కోడ్ రాయక్కర్లేదు, దారి చెబితే చాలు. అందరికంటే ఆఖరున చెప్పినవాళ్ళు మిరపకాయ బజ్జీలు కొనిపెట్టాలి. నాలుగేళ్ళలో హరిబాబు ఎన్నడూ బజ్జీలు కొనలేదు. ప్రతి వారం ముందు చెప్పేది అతనే. చెప్పేసి, మిగతావాళ్ళు తంటాలు పడుతుంటే టీ ఊదుకుంటూ చూసేవాడు. వారంలో అతనికి అన్నిటికంటే ఇష్టమైన పావుగంట అది.

నవ్వించే పని కిరణ్ కుమార్‌ది. "నువ్వు చేసే పనేంట్రా అని మా నాన్న అడిగాడండి. నిన్న నేను రాసిన తప్పుని ఇవాళ నేనే వెతుక్కోవడం అన్నాను. దానికి జీతం కూడా ఇస్తున్నారా అన్నాడు. ఒకటో తారీఖు దాటాక చెప్తానన్నాను."

"ఏఐ వచ్చి మన ఉద్యోగాలు తీసుకుపోతుందంటున్నారు కదా?" అని ఎవరో అనేవారు.

"తీసుకోనివ్వండి. శ్యాంబాబు గారి దగ్గర ఆరు నెలలు చేస్తే అదే రాజీనామా రాసిచ్చి పోతుంది."

శ్యాంబాబు కూడా అక్కడే నిలబడి నవ్వేవాడు. హైదరాబాదులో ఇదే పనికి రెండింతలు ఇస్తారని ఒకరంటే, అందులో ఒక వంతు అద్దెకి, ఇంకో వంతు ట్రాఫిక్‌లో కూర్చుని తిట్టుకోవడానికి అని కిరణ్ తేల్చేసేవాడు. అతను క్రిప్టోలో పెట్టిన డబ్బంతా కలిపితే ఇప్పుడు ఒక పెట్టె పూతరేకులు వస్తాయట, అదీ పంచదారవి.

ఆ జూన్‌లో దీవెన చేరింది. ఇరవై మూడేళ్ళ పిల్ల. తల్లి దేవకుమారి రాజమండ్రిలో చర్చి బడి టీచరు. దీవెన రోజూ బస్సులో వచ్చి వెళ్ళేది. మొదటి శనివారం ఎవరితోనూ మాట్లాడకుండా టీ గ్లాసు పట్టుకుని ఒక పక్కన నిలబడింది. రెండో శనివారం కిరణ్ బస్సు పజిల్ తెచ్చాడు. రాజమండ్రి నుంచి కాకినాడకి బస్సు. దారిలో బోలెడు స్టాపులు. ఎవరు ఎక్కడ ఎక్కి ఎక్కడ దిగుతారో ముందే తెలుసు. ఎవరూ నిలబడకుండా ఉండాలంటే బస్సుకి ఎన్ని సీట్లు కావాలి?

హరిబాబు జేబులోంచి కాగితం తీసి గీతలు గీయడం మొదలుపెట్టాడు. ఒకటో సీట్లో ఎవరు, వాళ్ళు దిగాక అక్కడ ఎవరు, రెండో సీట్లో ఎవరు. గళ్ళు నిండుతున్నాయి.

"చెప్పొచ్చాండి?" అంది దీవెన.

"చెప్పమ్మా."

"ఎక్కినప్పుడల్లా ఒకటి కలుపుకోవాలండి, దిగినప్పుడల్లా ఒకటి తీసెయ్యాలి. దారిలో ఎక్కడ ఎక్కువ తేలితే అన్ని సీట్లు. ఎవరెక్కడ కూర్చున్నారో మనకెందుకండి? అడిగింది ఎన్ని సీట్లనే కదా."

కిరణ్ పెద్దగా చప్పట్లు కొట్టాడు. "గురువు గారూ, మీరు టిక్కెట్లు కూడా కొట్టేస్తున్నారు. ఆ అమ్మాయి బస్సు దిగి వెళ్ళిపోయింది!"

హరిబాబు నవ్వాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. అది తనకి తెలియని సంగతి కాదు. ఇంజనీరింగ్‌లో ఉన్నప్పుడే చదివాడు. ఆ సమయానికి తట్టలేదు, అంతే. ఇంటికి వెళ్ళేదాకా తనకి తాను అదే చెప్పుకున్నాడు.

ఆ తర్వాత వారం కూడా దీవెనే ముందు చెప్పింది. ఆ పై వారమూ అంతే. ఒకసారి బజ్జీ నోట్లో పెట్టుకుని, నమలడం పూర్తికాక చేత్తో సైగ చేసి ఆగమంది. హరిబాబుకి ఆ సైగే ఎక్కువ బాధ పెట్టింది. తాను చెమటలు కక్కి పట్టుకునే దారి ఆమెకి నములుతూ నములుతూ దొరుకుతోంది.

ఆమెలో గర్వం ఉండి ఉంటే అతనికి సుఖంగా ఉండేది. లేదు. ఏ అనుమానం వచ్చినా అతని కుర్చీ దగ్గరికే వచ్చేది. "హరి గారూ, ఇది ఇలా ఎందుకు రాశారండి?" అని అడిగి, చెప్పింది పుస్తకంలో రాసుకునేది. ఆ రాసుకోవడం చూసినా అతనికి మంటే. ఇంకో ఆరు నెలల్లో రాసుకోవడానికి తన దగ్గర ఏమీ మిగలదనిపించేది.

ఒకరోజు అన్నం దగ్గర భార్య రమ్యశ్రీ అడిగింది. "ఎవరండీ ఈ దీవెన?"

"ఆఫీసులో కొత్తగా చేరిన పిల్ల. ఏం?"

"పప్పు వడ్డిస్తే దీవెన, పెరుగు వేస్తే దీవెన. వారం నుంచి చూస్తున్నాను. ఇవాళ ఏం చేసింది, ఎలా చేసింది, అందరూ ఏమన్నారు."

"ఛ! నీ అనుమానాలూ నువ్వూ!"

"అనుమానం కాదండి. ఇష్టపడే మనిషి గురించి చెప్తే మొహం అలా ఉండదు," అంది రమ్యశ్రీ, మజ్జిగ గ్లాసు ముందు పెడుతూ.

ఆగస్టులో అసలు సంగతి వచ్చింది. కడియంలో జగన్నాథరావు గారికి ఇరవై ఎకరాల నర్సరీ ఉంది. అక్కడి నుంచి లారీలు దేశమంతా వెళతాయి. ఒకే లారీలో నాలుగైదు ఊళ్ళ సరుకు ఉంటుంది. లోపల చెక్కలు అడ్డంగా వేసి అంతస్తులు కడతారు. బరువు కుండీలు కింద, లేత నారు పైన. ముందు దింపాల్సింది తలుపు దగ్గర, చివర దింపాల్సింది లోపల. ఏది ఎక్కడ ఎక్కించాలో ఫోనులో చెప్పే ప్రోగ్రాం హరిబాబు రాసిందే. ఆరేళ్ళ నుంచి నడుస్తోంది. ఒక లారీకి పట్టిక రావడానికి పది నిమిషాలు పడుతుంది. జగన్నాథరావు గారు అప్పుడప్పుడూ విసుక్కునేవారు.

"దీన్ని దీవెన కొత్తగా రాస్తుంది హరీ," అన్నాడు శ్యాంబాబు ఒక సోమవారం. "నువ్వు రివ్యూ చేద్దువుగాని."

అడగలేదు. చెప్పాడు. హరిబాబు సరేనన్నాడు.

తొమ్మిది రోజుల్లో దీవెన పూర్తిచేసింది. వీడియో కాల్‌లో జగన్నాథరావు గారికి చూపించారు. నొక్కీ నొక్కగానే పట్టిక వచ్చేసింది. "ఇదేంటండి, వేలు తీసేలోపే వచ్చేసింది! మరి ఇన్నేళ్ళూ అంతసేపు ఎందుకు పట్టిందండి?" అన్నారాయన.

"అది పాతకాలపు బండి అండి," అని శ్యాంబాబు నవ్వాడు. హరిబాబు పక్కనే ఉన్నాడు.

ఆ మధ్యాహ్నం రివ్యూకి కూర్చున్నాడు. ఆ ఆఫీసులో ఒకరు రాసిన కోడ్ ఇంకొకరు చదివి ఓకే నొక్కితేనే వాడకంలోకి వెళుతుంది. దీవెన కోడ్ చక్కగా ఉంది. చదువుతుంటే ఎక్కడా తట్టుకోవడం లేదు. పెద్దక్షరాలతో రాసిన ఉత్తరంలా ఉంది. తప్పు కోసం వెతికాడు. వెతకడం తన పనే అని సర్దిచెప్పుకున్నాడు గాని, ఆ వెతకడం పనికోసం చేసేది కాదని అతనికి తెలుసు.

చివరికి దొరికింది. నర్సరీలో గుమస్తా కొత్తరకం కుండీలు వచ్చినప్పుడు బరువు గడి ఖాళీగా వదిలేస్తాడు. ఖాళీ గడిని కంప్యూటర్ సున్నా అనుకుంటుంది. సున్నా అంటే అన్నిటికంటే తేలిక. తేలికదాన్ని అన్నిటికంటే పైన పెట్టమంటుంది. నాలుగేళ్ళ క్రితం హరిబాబే ఈ గోతిలో పడి లేచాడు. అప్పటి నుంచి బరువు లేని సరుకు వస్తే పట్టిక ఆగిపోయి ఎర్రగీత కనిపించేలా పెట్టాడు. దీవెన రాసినదాంట్లో ఆ జాగ్రత్త లేదు.

వెంటనే రెండు వాక్యాలు రాశాడు. బరువు ఖాళీగా ఉంటే ఆపాలి, లేకపోతే ప్రమాదం అని.

అప్పుడే గదికి అటువైపు నవ్వులు వినపడ్డాయి. "హరి గారి ప్రోగ్రాం పట్టిక ఇచ్చేలోపు కడియంలో మొక్కలు పూతకొచ్చేసేవట!" అంటున్నాడు కిరణ్. అందరూ నవ్వారు. దీవెన కూడా నవ్వింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మరీ.

హరిబాబు రాసిన రెండు వాక్యాలూ చెరిపేశాడు. ఓకే నొక్కాడు.

పెద్దగా ఏమవుతుంది అనుకున్నాడు. గుమస్తా గడి ఖాళీగా వదిలితే పట్టిక తప్పుగా వస్తుంది, ఎవరో ఫోన్ చేస్తారు, దీవెన మొహం చిన్నబుచ్చుకుంటుంది. ఒక్కసారి చిన్నబుచ్చుకుంటే చాలు. తర్వాత తానే వెళ్ళి సరిచేసి పెడతాడు. పదకొండు రోజులు గడిచాయి. ప్రతి ఉదయం ఆమె "గుడ్ మార్నింగ్ హరి గారూ" అన్నప్పుడు చెప్పేద్దామనుకున్నాడు. చెప్పలేదు. మధ్యలో శనివారం వచ్చింది. దీవెన మళ్ళీ ముందు చెప్పింది. ఇంక చెప్పాలన్న ఆలోచన కూడా రాలేదు.

పన్నెండో రోజు కడియం నుంచి ఫోన్ వచ్చింది. శ్యాంబాబు స్పీకర్‌లో పెట్టి అందరినీ లోపలికి పిలిచాడు.

"సిమెంటు కుండీలండి, ఒక్కోటి ముప్పై కేజీలు!" అన్నారు జగన్నాథరావు గారు. "మీ ఫోను అవి తీసుకెళ్ళి పై చెక్క మీద పెట్టమంది. మా ఆడవాళ్ళు ఎత్తుతుంటే ఒకటి జారిపోయింది. చిన్నమ్మాయి అని మా దగ్గర పాతికేళ్ళ నుంచి చేస్తున్న మనిషి, ఆవిడ పాదం మీద పడింది. ఎముక విరిగిందండి. ఆవిడ ముందే అందట, ఇదేం ఎక్కించడమని. మా సూపర్వైజరు ఫోను చెప్పినట్టు చెయ్యమన్నాడట. ఇప్పుడు ఎవర్ననమంటారు?"

ఫోన్ పెట్టాక శ్యాంబాబు దీవెన వైపు చూశాడు. ఆమె మొహం పాలిపోయింది. "తప్పు నాదేనండి," అంది.

"రివ్యూ అయిందా అసలు?"

"అయిందండి. హరి గారు చూశారు. ఆయన కంటికే కనపడలేదంటే చాలా లోపలి తప్పేనండి. కానీ రాసింది నేను."

శ్యాంబాబు తల పంకించాడు. "హరికే కనపడనిది నీకేం కనపడుతుందిలే. ముందు దాన్ని ఆపండి."

హరిబాబు నోరు తెరవలేదు. కావాలనుకున్నది జరిగింది. దీవెన మొహం చిన్నబోయింది. కానీ ఆమె అంతలోనూ తనని వెనకేసుకొచ్చింది. ఆ మంచితనం మీద కూడా అతనికి కుళ్ళుగానే ఉంది. దాని వెనకే, పాదం విరిగిన మనిషి పేరు చెవిలో పడి అక్కడే ఉండిపోయింది.

ఆదివారం చర్చి అయ్యాక కడియం వెళ్ళి ఆమెని చూస్తానంది దీవెన. "నాకు అక్కడ ఎవరూ తెలియరండి. మీరు వస్తారా?" అని అడిగింది. రానని చెప్పడానికి అతనికి కారణం దొరకలేదు.

చిన్నమ్మాయికి యాభై దాటి ఉంటాయి. ఇంటి ముందు నులక మంచం మీద, కట్టు వేసిన కాలు చాపుకుని కూర్చుంది. దీవెన కమలాపళ్ళ సంచి పక్కన పెట్టి మోకాళ్ళ మీద కూర్చుంది. "ఆ ప్రోగ్రాం రాసింది నేనేనమ్మా. నన్ను క్షమించండి."

"నువ్వా తల్లీ? ఇంత చిన్నపిల్లవి," అంది చిన్నమ్మాయి. కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది ఆ గొంతులో. "నేను చెప్తూనే ఉన్నానమ్మా. పాతికేళ్ళ నుంచి ఎక్కిస్తున్నాను, కుండీలు పైకెక్కడన్నా ఎక్కిస్తారా అని. ఫోనుకంటే నీకు ఎక్కువ తెలుసా అన్నాడు సూపర్వైజరు. అయినా ఇదివరకు ఆ ఫోను ఇలా చెప్పేది కాదండి. బరువు తెలియని సరుకొస్తే ఎర్రగీత వచ్చి ఆగిపోయేది. మేం కాటా వేసి చెప్తే గాని కదిలేది కాదు. నెమ్మదిగా వచ్చేది గాని, బుద్ధిగానే ఉండేదండి."

దీవెన తల తిప్పి హరిబాబు వైపు చూసింది. ఇంకో పావుగంట కూర్చుని, డాక్టరు ఏమన్నాడు, ఇంట్లో వండేది ఎవరు అని అడిగి తెలుసుకుని లేచింది.

రోడ్డు మీదికి వచ్చేదాకా ఆగింది. రెండు వైపులా బంతి, చామంతి నారు వరసలు. లారీ ఒకటి వెనక్కి వస్తోంది.

"ఆ ఎర్రగీత మీరే పెట్టారా అండీ?"

"ఊఁ."

"పాత కోడ్ నేను మొత్తం చదవలేదండి. ఓపిక లేకపోయింది. అది నా తప్పే." లారీకి దారిచ్చి పక్కకి జరిగింది. "రివ్యూలో మీరు మర్చిపోయారా?"

ఔననొచ్చు. ఒక్క మాట. ఎవరూ అడగరు, ఏ రికార్డులోనూ లేదు. ఆమే ఆ దారి చూపిస్తోంది. హరిబాబు నారు వరసల వైపు చూశాడు.

"మర్చిపోలేదు. చూశాను. రాశాను కూడా. రాసి చెరిపేశాను."

"ఎందుకండీ?"

"నువ్వు నాకంటే బాగా రాస్తున్నావని."

దీవెనకి కళ్ళనిండా నీళ్ళు వచ్చాయి గాని గొంతు మామూలుగానే ఉంది. "కోపం ఉంటే నన్ను నాలుగు తిట్టాల్సిందండి. ఆవిడ కాలేం చేసింది?"

వచ్చిన ఆటోని చెయ్యెత్తి ఆపి, ఎక్కి రాజమండ్రి వైపు వెళ్ళిపోయింది.

సోమవారం పొద్దున్నే హరిబాబు శ్యాంబాబు గదిలోకి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పాడు. శ్యాంబాబు అరవలేదు. "పదేళ్ళు, హరీ," అన్నాడు. కాసేపటికి మళ్ళీ అదే అన్నాడు. ఆ వారమే రివ్యూల బాధ్యత అతని దగ్గర నుంచి తీసేశాడు. మిగతావాళ్ళందరినీ కూర్చోబెట్టి కారణం కూడా చెప్పాడు. ఎవరి మీదైనా, దేని మీదైనా జోకు వేసే కిరణ్ దీని మీద వేయలేదు. హరిబాబు చూస్తే తల దించుకుని కీబోర్డు తుడుచుకుంటున్నాడు. అన్నిటికంటే అదే భరించలేకపోయాడు.

చిన్నమ్మాయి మళ్ళీ పనిలోకి దిగేదాకా ఆమె కూలి హరిబాబే పంపాడు. ఎవరూ అడగలేదు. మొదటిసారి తానే వెళ్ళి సంగతి చెప్పి ఇచ్చాడు. ఆమె అంతా విని, "అంత చదువుకుని మీకూ ఇవేనా బాబూ?" అంది.

దీవెన ప్రోగ్రాంలో ఎర్రగీత పెట్టింది. దానితోపాటు ఇంకోటి కూడా పెట్టింది. ఎక్కించేవాళ్ళు ఎవరైనా సరే, పట్టిక తప్పనిపిస్తే నొక్కడానికి పెద్ద బొత్తాం. అది నొక్కితే జగన్నాథరావు గారు స్వయంగా వచ్చి చూసేదాకా పని ఆగిపోతుంది. ఆ సంగతి వినగానే హరిబాబుకి ముందు వచ్చిన ఆలోచన, ఆరేళ్ళలో ఇది నాకెందుకు తట్టలేదని. సిగ్గుపడాల్సిన చోట కూడా కుళ్ళే ముందు వచ్చింది. ఆ రోజు దాన్ని గుర్తుపట్టి పేరు పెట్టి పిలుచుకోవడం ఒక్కటే అతను చేయగలిగింది.

దీవెన అతనితో పనికి సంబంధించిన మాటలు తప్ప మాట్లాడలేదు. ఆర్నెల్లు అలాగే గడిచాయి.

ఫిబ్రవరిలో ఒకరోజు అతని ఫోన్ మోగింది. చెన్నైలో పెద్ద కంపెనీ. దీవెనకి ఉద్యోగం ఇస్తున్నామనీ, తనతో పనిచేసిన సీనియర్‌గా ఆమె మీ పేరు ఇచ్చిందనీ, రేపు మాట్లాడవచ్చా అనీ అడిగారు. హరిబాబు ఫోన్ పెట్టేసి ఆమె బల్ల దగ్గరికి వెళ్ళాడు.

"నా పేరెందుకిచ్చావమ్మా?"

ఆమె స్క్రీన్ మీంచి కళ్ళు తిప్పలేదు. "నా కోడ్‌ని అంత జాగ్రత్తగా చదివింది మీరొక్కరే కదండీ. ఈసారి చూసింది చూసినట్టు చెప్పండి, చాలు."

మర్నాడు మెట్ల మీద నిలబడి మాట్లాడాడు. చెన్నైవాళ్ళు అరగంటసేపు ప్రశ్నలు వేశారు. ఓపిక తక్కువ, పాతవాళ్ళు రాసింది పూర్తిగా చదవదు అని చెప్పాడు. అది నిజమే. తప్పు జరిగితే ఎవరి మీదికీ నెట్టదు అని చెప్పాడు. చివర్లో, మీతో పోలిస్తే ఆమె ఎలా రాస్తుంది అని అడిగారు.

"నాకంటే బాగా రాస్తుందండి," అన్నాడు.

ఆ మాట పైకి అంటే బరువు దిగుతుందనుకున్నాడు. దిగలేదు. ఆమెకి వాళ్ళు ఇచ్చే జీతం ఎంతో మధ్యాహ్నానికి కిరణ్ ద్వారా తెలిసింది. విని, బాత్రూంలోకి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చాడు.

మార్చి ఆఖరున దీవెన వెళ్ళిపోయింది. ఏప్రిల్‌లో జగన్నాథరావు గారు ప్రోగ్రాంలో ఏదో చిన్న మార్పు కావాలంటే శ్యాంబాబు ఆ పని హరిబాబుకే ఇచ్చాడు. అతను ఆమె రాసిన ఫైలు తెరిచి మొదటి లైను నుంచి చదవడం మొదలుపెట్టాడు. చేయాల్సిన మార్పు పది నిమిషాల పని. భోజనం వేళ దాటిపోయింది. రమ్యశ్రీ పెట్టిన క్యారేజీ బల్ల మీద అలాగే ఉంది. అతను ఇంకా తప్పు కోసం వెతుకుతూనే ఉన్నాడు.